బాబు ట్రే వెనక్కి తీసుకున్నారు, ఈ లంచ్ బాకీ సంగతేంటి?

ప్రశ్న: నమస్తే అక్కా. మేం కాలిఫోర్నియాలో ఐదేళ్లు ఉండి, మొన్న డిసెంబర్‌లో డాలస్ పక్కన ఒక సబర్బ్‌కి మారాం. బాబు థర్డ్ గ్రేడ్. అక్కడ రోజూ స్కూల్లోనే తినేవాడు, మేం ఎప్పుడూ డబ్బులు కట్టింది లేదు. ఇక్కడా అంతే అనుకున్నాం. పోయిన వారం వాడు లంచ్ లైన్లో ట్రే పట్టుకుని చివరిదాకా వెళ్తే, క్యాషియర్ కంప్యూటర్ చూసి ట్రే తీసేసుకుని, చల్లటి చీజ్ శాండ్‌విచ్, పాలు చేతిలో పెట్టిందట. వెనకాల పిల్లలంతా చూశారట. ఆ రోజు ఏమీ చెప్పలేదు, రెండు రోజుల తర్వాత చెప్పాడు. స్కూల్ లంచ్ డబ్బులు కట్టే యాప్ డౌన్‌లోడ్ చేసి చూస్తే మైనస్ 71.40 డాలర్లు! మూడు ఈమెయిల్స్ పంపామంటున్నారు స్కూల్ వాళ్లు. అవన్నీ మా వారి ఆఫీసు ఈమెయిల్‌కి వెళ్లాయి. జనవరి చివర్లో ఆయన ఉద్యోగం పోయింది, దాంతో పాటే ఆ ఈమెయిలూ పోయింది. ఇప్పుడు నేను డేకేర్‌లో చేసే పార్ట్‌టైమ్ జీతమే మాకు ఆధారం. గ్రీన్ కార్డ్‌కి ఫైల్ చేసి ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద ఉన్నాం. ఈ బాకీ ఎక్కడైనా రికార్డుల్లోకి ఎక్కుతుందా? ఫ్రీ లంచ్‌కి అప్లై చేస్తే గ్రీన్ కార్డ్‌కి అడ్డమవుతుందా? నిన్న వాడి పెన్సిల్ బాక్స్ తెరిస్తే డిబ్బీలోంచి తీసిన క్వార్టర్లు ఉన్నాయి, పదమూడు. ఎందుకురా అంటే క్యాషియర్‌కి ఇద్దామని అన్నాడు. ఇప్పుడు ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్తున్నాడు, సగం అలాగే తెస్తున్నాడు. వాడికి ఏం చెప్పాలో తెలియడం లేదు. యాప్ స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను. పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ముందు ఆ పదమూడు క్వార్టర్ల సంగతి మాట్లాడదాం.

పదమూడు క్వార్టర్లంటే మూడు డాలర్ల పాతిక సెంట్లు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో లంచ్ ధర 3.15. అంటే మీ వాడు ధర కనుక్కుని, లెక్కవేసుకుని, సరిపోయేలా పెట్టుకున్నాడు. అక్కరకు రాని పని కూడా కాదది. ఇక్కడి కేంద్ర వ్యవసాయ శాఖ, అదే యూఎస్‌డీఏ, స్కూల్ భోజనాలకు పెట్టిన నిబంధనల్లో ఒకటుంది. పాత బాకీ ఎంతైనా ఉండనీ, పిల్లవాడు ఆ రోజు భోజనానికి సరిపడా డబ్బు చేత్తో పట్టుకొస్తే ఆ రోజు భోజనం పెట్టి తీరాలి. ఆ డబ్బుని పాత బాకీలో జమ వేసుకోవడానికి వీల్లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడు తనకు తెలియకుండానే ఆ నిబంధన పట్టుకున్నాడు. అయినా సరే, ఆ క్వార్టర్లు ఇవాళే తిరిగి డిబ్బీలో వేయించండి. ఎందుకో చివర్లో చెప్తాను.

నేను ఒక ఎలిమెంటరీ స్కూల్ కెఫెటీరియాలో నాలుగేళ్లు క్యాషియర్‌గా చేశాను. మా పిల్లలు పెద్దయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక చేరాను. కాబట్టి ఆ ట్రే తీసేసుకున్న చేతులు ఎలాంటివో నాకు తెలుసు. రెండుసార్లు ఆ పని నేనూ చేశాను. క్యాషియర్ లైన్‌కి మొదట్లో ఉండదు, చివర ఉంటుంది. పిల్లవాడు అన్నీ పెట్టించుకుని వచ్చి పిన్ నంబర్ నొక్కుతాడు, అప్పుడు గానీ స్క్రీన్ మీద మైనస్ కనబడదు. ఇక ఆ ట్రేలో తిండిని ఇంకొకరికి పెట్టకూడదు, చెత్తబుట్టలోకే పోతుంది. వండింది పారబోసి, ఇంకో శాండ్‌విచ్ ఇచ్చి, దానివల్ల ఎవరికి ఏం మిగిలిందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. 2014 లో యూటాలో సాల్ట్ లేక్ సిటీలోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఒకే రోజు దాదాపు నలభై మంది పిల్లల భోజనాలు ఇలాగే తీసి పారేస్తే దేశమంతా గొడవైంది. ఆ తర్వాతే ఈ పద్ధతికి ‘లంచ్ షేమింగ్’ అన్న పేరు అందరి నోళ్లలో పడింది. 2017 లో న్యూ మెక్సికో దీన్ని నిషేధిస్తూ మొదటి చట్టం చేసింది.

మరి కాలిఫోర్నియాలో మీకిది ఎందుకు తెలియలేదు? కోవిడ్ టైమ్‌లో, 2020 మార్చి నుంచి 2022 జూన్ దాకా, దాదాపు దేశమంతా స్కూల్ భోజనం ఉచితంగానే పెట్టారు. ఆ వెసులుబాటు అయిపోగానే కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాలు తమ సొంత డబ్బు వేసి పిల్లలందరికీ కొనసాగించాయి. తర్వాత కొలరాడో, మిన్నెసోటా, మిషిగన్, మసాచుసెట్స్, వెర్మాంట్ లాంటివి వాటి బాట పట్టాయి. మీ వాడు కిండర్‌గార్టెన్‌లో చేరింది సరిగ్గా 2022 లో. భోజనానికి బిల్లుంటుందని వాడికీ తెలియదు, మీకూ తెలియదు. మీరున్న టెక్సస్ ఆ జాబితాలో లేదు. చిత్రం ఏంటంటే, మీకు పక్కనే ఉన్న డాలస్ సిటీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఆ ప్రాంతం బడులన్నీ నడిపే సంస్థ) పిల్లలందరికీ ఉచితమే. పేద కుటుంబాలు ఎక్కువున్న చోట అందరికీ కలిపి పెట్టుకునే కేంద్ర పథకం ఒకటుంది, అది వాళ్లకు వర్తించింది. మీరు సబర్బ్‌లో ఇల్లు తీసుకున్నారు, బిల్లు వచ్చింది.

మన దగ్గర సర్కారు బడిలో పప్పన్నానికి పిల్లాడి పేరు మీద ఖాతా ఉంటుందా? 2001 లో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించాక, 2003 నుంచి మన ఊళ్లలోనూ మొదలైంది. ఇప్పుడు ఆంధ్రాలో డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది. అందులో గుడ్డు చిన్నదనో, అన్నం ముద్దైందనో గొడవ పడతారు గానీ, నీ ఖాతాలో డబ్బుల్లేవు లే అని పళ్లెం లాక్కోవడం ఉండదు. సరే, మనం ఉన్నది ఇక్కడ.

ఇప్పుడు ఆ 71.40. కట్టే ముందు చదవండి. స్క్రీన్‌షాట్‌లో మూడు రకాల లైన్లున్నాయి. పదహారు రోజులు మామూలు లంచ్, 3.15 చొప్పున 50.40 డాలర్లు. ఇది న్యాయమైన బాకీ. తర్వాత మూడు రోజులు ‘ఆలా కార్ట్ ఎంట్రే’, అంటే విడిగా అమ్మే వంటకం, అని నాలుగేసి డాలర్లు, మొత్తం 12. మిగిలిన తొమ్మిది డాలర్లు ఐస్‌క్రీమ్, ఆరుసార్లు, ఒక్కొక్కటి డాలరున్నర.

ఆ నాలుగు డాలర్ల లైన్లు చూసి పిల్లాడు ఏదో అదనంగా కొనుక్కున్నాడని అనుకుంటారు. అదేం కాదు. వాడు తక్కువ తీసుకున్నాడు! స్కూల్ లంచ్ అంటే ఐదు రకాలు: ప్రొటీన్, ధాన్యం, కూరగాయ, పండు, పాలు. చాలా చోట్ల వీటిలో కనీసం మూడు తీసుకుంటేనే ప్రభుత్వం దృష్టిలో అది ‘లంచ్’, ఆ మూడింటిలో పండో కూరగాయో అరకప్పు ఉండి తీరాలి. అలా ఉంటేనే స్కూల్‌కి కేంద్రం నుంచి ఆ ప్లేటుకి డబ్బు వస్తుంది. మన శాకాహారపు పిల్లాడు ఏం చేస్తాడు? చికెన్ వద్దు, బీఫ్ వద్దు, ఆ ఉడకబెట్టిన బీన్స్ అసలు వద్దు. చీజ్ పిజ్జా ముక్క ఒక్కటి తీసుకుని వచ్చేస్తాడు. పిజ్జాలో రొట్టె, చీజ్ కలిపి రెండు రకాలే అయ్యాయి. అది లంచ్ కింద లెక్కకు రాదు కాబట్టి విడి సరుకు ధర పడుతుంది. పూర్తి భోజనం 3.15 అయిన చోట పిజ్జా ముక్క ఒక్కటే 4 డాలర్లు. ఫ్రీ లంచ్ ఉన్న పిల్లలకు కూడా ఇలా బాకీలు పడటం నేను చూశాను. అందుకే నా రిజిస్టర్ పక్కన ఒక బుట్టలో యాపిల్స్ పెట్టుకునేదాన్ని. ‘ఒకటి తీసుకో నాన్నా, తినకపోయినా ఫర్వాలేదు’ అనేదాన్ని. ఆ యాపిల్ ట్రేలో పడితే పిజ్జా ధర 4 నుంచి 3.15 కి దిగుతుంది. మీ వాడికి ఈ ఒక్క ముక్క నేర్పించండి: ఏం తీసుకున్నా సరే, ఒక పండు కూడా పెట్టుకో.

ఐస్‌క్రీమ్ విషయం వాడిని నిలదీయకండి. పక్కవాడు కొనుక్కుంటే కొనుక్కున్నాడు, నంబర్ నొక్కితే వస్తుందని అనుకున్నాడు. పైగా, మైనస్‌లో ఉన్న ఖాతాకి ఐస్‌క్రీమ్, చిప్స్ లాంటివి అమ్మకూడదని చాలా డిస్ట్రిక్టులు తమ పాలసీలోనే రాసుకుంటాయి. మీ డిస్ట్రిక్ట్ కూడా అలా రాసుకుని ఉంటే ఆ తొమ్మిది డాలర్లు వాళ్ల క్యాషియర్ పొరపాటు. తీసేయమని అడగడంలో తప్పు లేదు. ఇకముందు ఆలా కార్ట్ ఏదీ ఇవ్వొద్దని ఖాతాకి బ్లాక్ పెట్టమని కూడా చెప్పొచ్చు.

పాలసీ అన్నాను కదా, అది మీ చేతిలో ఉండాల్సిన కాగితం. 2017 జులై 1 కల్లా ప్రతి డిస్ట్రిక్టూ భోజనం బాకీల మీద రాతపూర్వకంగా పాలసీ పెట్టుకోవాలని యూఎస్‌డీఏ ఆదేశించింది. ఏటా స్కూల్ తెరిచేటప్పుడు అందరికీ, మధ్యలో చేరినవాళ్లకు చేరినప్పుడు, అది రాతలో అందించాలి. మీకూ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో నలభై పేజీల మధ్య ఎక్కడో వచ్చే ఉంటుంది, మనమందరం చేసినట్టే మీరూ ‘అగ్రీ’ నొక్కేసి ఉంటారు. వెతికి తీయండి. టెక్సస్‌లో దీనికి తోడు 2017 నాటి రాష్ట్ర చట్టం ఒకటుంది. ఖాతాలో డబ్బు అయిపోయాక కొంత గడువుదాకా పిల్లవాడిని మైనస్‌లోనే తిననివ్వాలి, తల్లిదండ్రులకు తెలియజేయాలి, ఆ బాకీ మీద ఫీజు గానీ వడ్డీ గానీ వేయకూడదు. గడువు ఎన్ని రోజులన్నది స్కూల్ బోర్డు ఇష్టం. గడువు దాటాక చీజ్ శాండ్‌విచ్ ఇవ్వడం టెక్సస్‌లో చట్టవిరుద్ధం కాదు. నాకు నచ్చదు, కానీ కాదు.

బాకీ కోసం వాళ్లు ఇంత పట్టుబట్టడానికి కారణం కూడా చెప్తాను, లేకపోతే ఆ ఆఫీసులో అందరూ రాక్షసుల్లా కనిపిస్తారు. వసూలు కాని బాకీని కేంద్రం భోజనాలకిచ్చిన డబ్బులోంచి సర్దుబాటు చేయడానికి వీల్లేదు. డిస్ట్రిక్ట్ తన సాధారణ నిధుల్లోంచో, దాతల డబ్బులోంచో పూడ్చుకోవాలి. అంటే టీచర్ల జీతాలొచ్చే డబ్బు. అందుకే ఫోన్లు, ఈమెయిల్స్, శాండ్‌విచ్‌లు. మధ్యలో నలిగేది లైన్ చివర నిలబడ్డ మనిషి. మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో ఫిలాండో కాస్టిల్ అనే కెఫెటీరియా సూపర్‌వైజర్ ఉండేవాడు. డబ్బుల్లేని పిల్లలకు తన జేబులోంచి కట్టేవాడు. 2016 లో ట్రాఫిక్ స్టాప్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. తర్వాత ఆయన పేరు మీద వచ్చిన విరాళాలతో ఆ ఊరి స్కూల్ పిల్లల భోజనం బాకీలు తీర్చారు. కాబట్టి మీరు మాట్లాడాల్సింది క్యాషియర్‌తో కాదు, టీచర్‌తో కూడా కాదు. డిస్ట్రిక్ట్‌లో ‘చైల్డ్ న్యూట్రిషన్’ అని ఒక ఆఫీసుంటుంది, అక్కడికి రాయండి.

ఆ ఈమెయిల్ చిన్నదిగా ఉండాలి. డిసెంబర్‌లో వేరే రాష్ట్రం నుంచి వచ్చామని, నోటీసులు మూతపడిన అడ్రస్‌కి వెళ్లాయని, ఇకమీదట పంపాల్సిన ఈమెయిల్స్, ఫోన్ నంబర్లు ఇవని రాయండి. ఇద్దరివీ ఇవ్వండి, రెండూ సొంతవే ఇవ్వండి. రోజువారీ లావాదేవీల పట్టిక, నోటీసులు పంపిన తేదీలు అడగండి. ఆలా కార్ట్ లైన్లు ఒకసారి సరిచూడమనండి. మిగతాది నెలకు ఇంత చొప్పున కడతామనండి, సాధారణంగా ఒప్పుకుంటారు. ఉత్తరంలో కోపం వద్దు. కానీ ట్రే గురించి ఒక వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి: బాకీ గురించి మాతో మాట్లాడండి, లైన్లో పిల్లవాడితో వద్దు. కట్టేటప్పుడు యాప్‌లో కొంచెం కొంచెం వేయకండి. చాలా యాప్‌లలో వేసిన ప్రతిసారీ ఫీజు పడుతుంది. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 లో లెక్క తీస్తే ఒక్కోసారికి సగటున 2.37 డాలర్లు తేలింది. పది డాలర్లు వేస్తే రెండున్నర దానికే పోతే ఏం మిగులుతుంది? ఫీజు లేకుండా కట్టే దారి ఒకటి ప్రతి డిస్ట్రిక్టూ ఉంచాలి. చెక్కో, క్యాషో కవర్లో పెట్టి మీరే స్కూల్ ఆఫీసులో ఇవ్వండి, పిల్లాడి బ్యాగ్‌లో పంపకండి.

బాకీ రికార్డుల్లోకి ఎక్కుతుందా అన్నారు. మార్కుల రికార్డుకీ దీనికీ సంబంధం లేదు. ఖాతాలో మాత్రం ఉంటుంది, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉన్నంతకాలం పిల్లాడి వెంట వచ్చే ఏడాదికీ వస్తుంది. నెలల తరబడి పట్టించుకోకపోతే వసూళ్ల ఏజెన్సీకి ఇచ్చే డిస్ట్రిక్టులు కొన్ని ఉన్నాయి. మీరు ఇప్పటికే కదిలారు, అక్కడిదాకా పోదు. 2019 లో పెన్సిల్వేనియాలో ఒక డిస్ట్రిక్ట్ బాకీ కట్టకపోతే పిల్లల్ని ఫాస్టర్ కేర్‌కి, అంటే తల్లిదండ్రుల నుంచి తీసేసి వేరే ఇంటికి, పంపే పరిస్థితి రావచ్చని ఉత్తరాలు రాసింది. దేశమంతా దుమ్మెత్తిపోస్తే క్షమాపణ చెప్పుకుంది. అలాంటి వార్త ఏ వాట్సాప్ గ్రూప్‌లోనైనా తిరుగుతుంటే టెన్షన్ పడకండి. మీ సంగతి ఆ గ్రూపుల్లో పెట్టకండి కూడా. సాయం చేసేవాళ్లు ఇద్దరుంటే, సాయంత్రం ఇంట్లో చెప్పుకునేవాళ్లు ఇరవై మంది ఉంటారు, వాళ్ల పిల్లలు మీ వాడి క్లాసులోనే ఉంటారు.

ఇక అసలు పని: ఉచిత, తగ్గింపు ధర భోజనాలకు పెట్టే ‘ఫ్రీ అండ్ రెడ్యూస్డ్’ అప్లికేషన్. ఆగస్టులోనే పెట్టాలని చాలామంది అనుకుంటారు. ఏడాదిలో ఎప్పుడైనా పెట్టొచ్చు. చూసేది పోయినేడు డబ్ల్యూ-2 (ఏడాది జీతం చూపే పన్ను కాగితం) కాదు, ఇప్పుడు ఇంట్లోకి వస్తున్న ఆదాయం. 2025-26 లెక్కల ప్రకారం నలుగురున్న ఇంటికి ఏడాదికి 41,795 డాలర్ల లోపైతే ఉచితం, 59,478 లోపైతే రెడ్యూస్డ్, అంటే లంచ్‌కి నలభై సెంట్లకు మించి తీసుకోకూడదు. మీ ఇంట్లో ఎంతమందో రాయలేదు, తలల్ని బట్టి అంకె మారుతుంది. నిరుద్యోగ భృతి వస్తుంటే అదీ ఆదాయమే, రాయండి. మీ వారికి మళ్లీ ఉద్యోగం వచ్చాక కూడా ఆ విద్యా సంవత్సరం చివరిదాకా అర్హత ఉంటుంది. ఆ తర్వాత కొత్త ఏడాదిలో మొదటి ముప్పై పనిదినాలు పాతదే నడుస్తుంది. ఈ ముప్పై రోజుల సంగతి గుర్తుపెట్టుకోండి. సెప్టెంబర్ చివర్లో చాలా ఇళ్లలో ఉన్నట్టుండి మైనస్ మొదలయ్యేది ఇక్కడే. ఒకటి మాత్రం నిజం, ఇది వెనక్కి వెళ్లి పాత 71.40 ని మాఫీ చేయదు. అందుకే ఎన్ని రోజులు ఆలస్యమైతే అంత నష్టం.

గ్రీన్ కార్డ్ భయం చాలామందిలో ఉంది, అర్హత ఉండీ అప్లై చేయనివాళ్లు నాకు తెలుసు. ఆ ఫారంలో వీసా, పౌరసత్వం గురించి అడగరు. పెద్దవాళ్లలో ఒకరి సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు అడుగుతారు, లేకపోతే లేదని టిక్ పెట్టొచ్చు. ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారనుకుంటే గ్రీన్ కార్డ్ ఆపే ‘పబ్లిక్ చార్జ్’ నిబంధనను 2019 లో బాగా కఠినం చేసినప్పుడు కూడా స్కూల్ భోజనాన్ని అందులో కలపలేదు, 2022 లో వచ్చిన నిబంధనలోనూ కలపలేదు. ఇమిగ్రేషన్‌లో నిన్నటి మాట ఇవాళ ఉండటం లేదు కాబట్టి, మీ ఫైల్ చూస్తున్న అటార్నీకి రెండు లైన్ల ఈమెయిల్ పెట్టి అడగండి. ఎవరో బాబాయి చెప్పాడని మాత్రం ఆగిపోకండి. పరువు అంటారా, లైన్లో అందరూ నొక్కేది అదే పిన్. ఎవరు ఫ్రీ, ఎవరు కాదు అనేది బయటపడేలా చేయకూడదని కేంద్ర నిబంధనే ఉంది. ఇన్నేళ్లు టాక్స్ కట్టింది మీరు కూడా.

డబ్బా సగం తేవడం గురించి పెద్దగా ఆలోచించకండి. తినడానికి ఉండేది ఇరవై నిమిషాలు, అందులో కబుర్లే పదిహేను. వారం రోజులు పులిహోరో, చపాతీ రోలో, చేత్తో పట్టుకుని తినేది ఏదైనా పెట్టండి. మళ్లీ లైన్లోకి వెళ్తానని వాడే అంటాడు, వాడు అన్నాకే పంపండి. వెళ్లే ముందురోజు ఖాతాలో ప్లస్ ఉందని యాప్‌లో వాడికే చూపించండి. అంకె చూస్తే వాడికి ధైర్యం. క్వార్టర్లతో లెక్క సరిపెట్టుకున్న పిల్లాడు కదా.

వాడికి ఏం చెప్పాలంటే, జరిగింది జరిగినట్టే చెప్పండి. ‘కాలిఫోర్నియాలో లంచ్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఇక్కడ కట్టాలి. మాకు తెలియలేదు. అది నాన్నా నేనూ చూసుకోవాల్సిన పని, నువ్వు చేసిన తప్పేం లేదు. ఆఫీసుకి రాశాం, కడుతున్నాం.’ అంతే చాలు. నాన్న ఉద్యోగం సంగతి వాడికి ఇప్పటికే తెలిసే ఉంటుంది, ఇంట్లో ఫోన్లు వింటాడుగా. ఆ క్వార్టర్లు ఇచ్చేస్తే ఇంటి ఖర్చు తన భుజం మీద వేసుకున్నట్టు అవుతుంది, అందుకే డిబ్బీలో వేయించమన్నది. వేసేటప్పుడు లెక్క బాగా పెట్టావురా అని చెప్పండి, నిజంగానే బాగా పెట్టాడు.

అప్లికేషన్ ఇవాళే ఆన్‌లైన్లో పెట్టి, కన్‌ఫర్మేషన్ పేజీకి ఫొటో తీసి ఉంచుకోండి. కొన్ని డిస్ట్రిక్టులు అప్లికేషన్ ఇచ్చిన రోజు నుంచే అర్హత లెక్కిస్తాయి, మీ దగ్గర ఆ తేదీ ఉండాలి. పది పనిదినాల్లో జవాబివ్వాలి. రాకపోతే న్యూట్రిషన్ ఆఫీసుకి ఫోన్ చేయండి, అప్పటికీ తేలకపోతే నాకు మళ్లీ రాయండి.